బీరువాలోని పుస్తకము బిడ్డ చేతికి

గోదావరి తీరమున రామగుండము, గోదావరిఖని ప్రాంతముల పల్లెలకు బొగ్గుగనులతో నిత్యసంబంధము కలదు. రామగిరి, కమాన్‌పూర్, అంతర్గాం, పాలకుర్తి మండలముల గ్రామములలో కొందరు బాయి పనికి పోవుదురు. కొందరు సేద్యము చేయుదురు. కొన్ని ఊళ్ల భూములు ఓపెన్ కాస్టు గనుల క్రిందికి పోయినవి. పంచాయతీ కార్యాలయపు గోడకు భూసేకరణ ప్రకటన అంటించినప్పుడు దానిని తానే చదివి అర్థము చేసికొనువాడు ఒకడు. ప్రక్కవాడు చెప్పినది విని నమ్మవలసినవాడు మరొకడు. ఈ ఇద్దరి నడుమ గల అంతరము ఐదవ తరగతి దాటకమునుపే ఏర్పడుచున్నది. కావున చిన్నపిల్లల పఠనాభిరుచి ఉపాధ్యాయునికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. పంచాయతీ పట్టించుకొనవలసిన విషయము.

చదువ వచ్చుట, చదువ నిష్టపడుట

అక్షరములు గుర్తించుట వేరు, చదువుట వేరు. గుణింతములు, ఒత్తులు నేర్చిన బిడ్డకూడ మొదట ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు పోవును. వాక్యము చివరకు వచ్చునప్పటికి మొదటి మాట మరచిపోవును. అర్థము తెలియదు, అర్థము తెలియని పని ఎవరికిని రుచింపదు. ఈ దశను దాటుటకు అభ్యాసము కావలెను. పాఠ్యపుస్తకము ఒక్కటే ఆ అభ్యాసమునకు చాలదు. ఏలయన దానిలోని పాఠములను బిడ్డ వినివిని కంఠస్థము చేసి, చూడకయే అప్పగింపగలడు. ముందెన్నడును వినని చిన్న కథను, పెద్ద అక్షరములలో, బొమ్మలతో అచ్చైనదానిని, తనంత తాను చదివి నవ్వినప్పుడు ఆ బిడ్డకు చదువు వచ్చినదని తెలిసికొనవచ్చును. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము చేసికొనుచు చదువవలెనని 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము లక్ష్యముగ పెట్టుకొన్నది. మన రాష్ట్రమున 2022లో తొలిమెట్టు కార్యక్రమము ఇందుకొరకే ఆరంభమైనది.

పూర్వులు చూపిన మార్గము

నిజాం పాలనలో ప్రభుత్వ విద్యయందు ఉర్దూకు ప్రాధాన్యముండిన కాలమున, తెలుగు చదువు నిలుపుకొనుటకు ప్రజలే గ్రంథాలయములు స్థాపించుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలో పడవపై గ్రంథాలయమును నడపి, గట్టు వెంబడి ఊళ్లకు పుస్తకములు చేర్చిరి. పాఠకుడు వచ్చువరకు పుస్తకము వేచియుండక, పుస్తకమే పాఠకుని వద్దకు పోవలెనని ఆయన పని మనకు చెప్పుచున్నది.

నేడు పెక్కు పాఠశాలలలో పుస్తకములు లేకపోలేదు. అయితే అవి చిరిగిపోవునను భయముతో బీరువాలో భద్రముగ ఉండుట తరచుగ చూచుచున్నాము. పుస్తకము చిరిగినచో జిగురుతో అతికింపవచ్చును. ఆసక్తిగల వయస్సు దాటినచో దానిని మరల తెచ్చుట కష్టము.

దీపపు లెక్క, పుస్తకపు లెక్క

పుస్తకములు పిల్లల చేతికిచ్చు పద్ధతిని మన కార్మికులనుండియే నేర్చుకొనవచ్చును. భూగర్భ గనిలోనికి దిగువాడు లాంప్ రూములో సంఖ్య వేసిన దీపమును తీసికొని, పని ముగిసి పైకి వచ్చినంతనే అప్పగించును. ఒక దీపము తిరిగి రాలేదనగా, ఒక మనిషి పైకి రాలేదేమో విచారింపవలెనని అర్థము. పుస్తకములకును సంఖ్యలు వేసి, ఒక నోటుపుస్తకములో బిడ్డ పేరు వ్రాసి ఇంటికి పంపవలెను. ఒక పుస్తకము తిరిగి రానిచో జరిమానా వేయరాదు. ఆ బిడ్డ బడికి వచ్చుచున్నదా, ఇంట ఎవరికైన జబ్బు చేసినదా యని కనుగొనవలెను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలే వంతులవారీగ ఈ లెక్క చూడగలరు.

షిఫ్టు ఇంటిలో చదువు

గని కార్మికుని ఇంట ఒక చిక్కు కలదు. తండ్రి సెకండు షిఫ్టులో ఉన్న వారమున, బిడ్డ బడినుండి రాకమునుపే అతడు పనికి పోవును. బిడ్డ నిద్రించిన పిదప ఇల్లు చేరును. నైట్ షిఫ్టు అయినచో పగలు నిద్రింపవలెను. కావున ‘రోజూ సాయంకాలము తండ్రి బిడ్డను కూర్చుండబెట్టి చదివింపవలెను’ అను సలహా ఇక్కడ పనికిరాదు. ఉదయము బడికి పోకమునుపు పది నిమిషములు చాలును. తండ్రి లేనప్పుడు తల్లియో, నాయనమ్మయో వినవచ్చును. వినువారికి చదువు రానవసరము లేదు. బిడ్డ చదువుచుండగా ‘ఆ తరువాత ఏమైంది బిడ్డా?’ అని అడుగువారుండిన చాలును.

మరియొక సంగతి. ఇంట ‘బాయి’, ‘బువ్వ’ అను బిడ్డకు పుస్తకములో ‘గని’, ‘అన్నము’ కనబడును. చదివిన కథను తన ఇంటిమాటలలో చెప్పుచున్నప్పుడు తప్పుపట్టినచో ఆ బిడ్డ నోరు మూసికొనును. ఇంటిమాటలో కథ చెప్పగలిగిన బిడ్డ పుస్తకపు మాటను అర్థము చేసికొన్నదని సంతోషింపవలెను. అట్లే ఇష్టమునకై ఇచ్చిన పుస్తకముపై పరీక్ష పెట్టరాదు. సారాంశము వ్రాయమని నిర్బంధింపరాదు. బొమ్మలు మాత్రమే చూచి తిరిగి ఇచ్చినను మరియొక పుస్తకము ఇయ్యవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: సభ్యులు ఇద్దరు ముగ్గురు పాఠశాలకు పోయి, ప్రధానోపాధ్యాయునితోను, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సభ్యురాండ్రతోను కూర్చుండి పుస్తకములు లెక్కింపవలెను. ప్రతి పాఠశాలకు గ్రంథాలయముండవలెననియు, అందు కథల పుస్తకములును ఉండవలెననియు 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకమున ప్రాథమిక పాఠశాలకు సంవత్సరమునకు 5,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు నిర్దేశింపబడినది. తమ పాఠశాలకు వచ్చిన సొమ్ముతో ఏ పుస్తకములు కొన్నారో చూచుట సభ్యుల బాధ్యత. తెలుగు బాలసాహిత్యమును నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం వంటి సంస్థలు ప్రచురించుచున్నవి.

రెండవది: 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సుంకము వసూలగును. ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందవలసినది. మన పంచాయతీ దానిని చెల్లించినదా యని సభ్యులు కార్యదర్శి నడుగవలెను. బాకీ తీర్చిన పంచాయతీ తన ఊరికి పుస్తక నిక్షిప్త కేంద్రము కావలెనని గట్టిగ కోరవచ్చును.

మూడవది: 2015 నాటి చట్టసవరణతో గనుల జిల్లాలలో జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు ఏర్పడినవి. విద్య ఆ నిధి ప్రాధాన్య రంగములలో ఒకటి. గనుల వలన ప్రభావితమైన గ్రామములు పాఠశాల గ్రంథాలయమునకై గ్రామసభలో తీర్మానించి ప్రతిపాదన పంపవచ్చును.

నాల్గవది ధనము లేకయే జరుగును. వారమున కొకనాడు, షిఫ్టు లేని సమయమున, ఊరిలో చదువవచ్చిన ఒక కార్మికుడో, రైతో, డిగ్రీ చదువు అమ్మాయియో పాఠశాలకు వచ్చి పిల్లలకు అరగంట కథ చదివి వినిపింపవలెను. తమ తండ్రివంటివాడు పుస్తకము పట్టుకొని నవ్వుచు చదువుట చూచిన పిల్లలకు, చదువు బడికి మాత్రమే చెందినది కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రతి సంవత్సరము నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. అంతవరకు ఆగ నవసరము లేదు. వచ్చు సోమవారముననే సభ్యులు పాఠశాలకు పోయి బీరువా తెరిపించి, ఒక్కొక్క బిడ్డ తనకు నచ్చిన పుస్తకమును ఎంచుకొని ఇంటికి తీసికొనిపోవునట్లు చూతురుగాక. కొన్ని ఏండ్ల తరువాత పంచాయతీ గోడకు ప్రకటన అంటించిననాడు, ఆ పిల్లలు దాని ముందు నిలిచి తామే చదువుకొందురు.