గడ్డి కుప్పలోకి వెళ్లే ముందు కొట్టంలోకి వెళ్లాలి
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మిషన్‌తో వరి కోయించాక గడ్డిని తగలబెట్టకుండా పెంటకుప్పలో వేశాను. నాలుగు నెలలైనా గడ్డి గడ్డిలాగే ఉంది. రెండు బర్రెలు, ఒక ఆవు ఉన్నాయి. - ఒక రైతు, జగిత్యాల

జవాబు: గడ్డిని తగలబెట్టకపోవడం మంచి పని. అయితే దాన్ని మాగబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి కర్బనం 60 నుంచి 80 పాళ్లు ఉంటుంది. కుప్ప చురుగ్గా మాగాలంటే అది 25-30 పాళ్లకు దిగాలి. పేడలో 20-25 పాళ్లే కదా, పేడే ఎక్కువ వేద్దామంటే ఇంకో చిక్కు: పచ్చి పేడలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. కిలో ఎండుగడ్డికి రెండు కిలోల పేడ కలిపితే తేమ 55-60 శాతానికి వస్తుంది, అంతకు మించితే కుప్ప బురదై గాలి ఆడదు. ఆ పాళ్లలో నత్రజని ఇంకా చాలదు.

లోటు తీర్చేది మూత్రం. మన కొట్టాల్లో మోరీ పాలయ్యేదీ అదే! 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ తన కంపోస్టు పద్ధతిలో పశువుల కింద పరిచిన చెత్తకు, మూత్రం ఇంకిన మట్టికి పెద్దపీట వేశాడు. మీరూ రాత్రి బర్రెల కింద గడ్డి పరవండి. తొక్కుడుకు నలుగుతుంది, మూత్రం పీల్చుకుంటుంది. తెల్లారి పేడతో సహా ఎత్తి కుప్పలో వేయండి.

ఇప్పుడున్న కుప్పను మాత్రం విప్పి, తడిపి, పేడనీళ్లు, గ్లిరిసిడియా ఆకు పొరలు పొరలుగా వేస్తూ నాలుగైదు అడుగుల ఎత్తున మళ్లీ పేర్చండి. ఆకు దొరక్కపోతే టన్ను గడ్డికి 5 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లండి. వారంలోపు ఇనుప చువ్వ గుచ్చి తీస్తే చేత్తో పట్టుకోలేనంత కాలాలి. వేడి తగ్గినప్పుడల్లా తిరగేయాలి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు.

ప్రశ్న: దుంపకుళ్లు సోకిన పసుపు చెత్త పెంటలో వేయొచ్చా? ట్రైకోడెర్మా ఎప్పుడు కలపాలి? - పసుపు రైతు, కోరుట్ల

జవాబు: కుళ్లిన దుంపలు వద్దు. నడిమధ్య 55 డిగ్రీలు దాటినా అంచుల్లో వేడి ఉండదు, తెగులు అక్కడ బతికేస్తుంది. ఎండిన ఆకు వేయొచ్చు, అంచులది లోపలికి పోయేలా తిరగేస్తేనే. పసుపులో అంతరపంటగా వేసిన మక్క చొప్ప ఉంటే నరికి వేయండి, నిలువు కట్టలు ఏడాదైనా మాగవు.

ట్రైకోడెర్మాను వేడి కుప్పలో కలిపితే చచ్చిపోతుంది, డబ్బు దండగ. పూర్తిగా మాగి చల్లారిన ఎరువు 90 కిలోలకు వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి 2 కిలోలు కలిపి, తడిపి, నీడలో వారం పది రోజులు గోనె కప్పి ఉంచాక చేనుకు తోలండి. మంచి ట్రైకోడెర్మా ఎక్కడ దొరుకుతుందో పొలాస పరిశోధన స్థానంలో అడగండి.

ప్రశ్న: మరమగ్గాల దగ్గర పోగైన దారపు తుక్కు పేడలో కలిపితే మాగుతుందా? - సిరిసిల్ల పాఠకురాలు

జవాబు: నూలైతే మాగుతుంది. సిరిసిల్లలో ఎక్కువగా నేసేది పాలిస్టర్, అది మాగదు, చేనంతా పోగులై నాగళ్లకు చుట్టుకుంటుంది. అనుమానముంటే ఒక పోగుకు నిప్పంటించండి. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసైతే పాలిస్టర్. నూలైనా మగ్గం నూనె అంటినది కలపకండి.