మోటారుబండి మీటలు: నాడును నేడును

గుమ్మఘట్టనుండి రాయదుర్గమునకు పోవు బాటమీద ఒకప్పుడు కానవచ్చిన కార్లు చాలవరకు రెండే తెగలవి: అంబాసిడరు ఒకటి, జీపు ఒకటి. ఇప్పుడు ఆ బాటనే అద్దములు బిగించుకొని నానావిధములైన క్రొత్త బండ్లు చప్పుడు లేక సాగిపోవుచున్నవి. వానిని చూచి మా ప్రాంతపు పెద్దలు “ఆ కాలపు బండ్లే బండ్లు, చెప్పినట్లు వినెడివి” అని నిట్టూర్చుట కలదు. ఈ నిట్టూర్పులో సత్యమెంత, గడచిన యౌవనముమీది మమకారమెంత అనునది విచారింపదగిన విషయము.

మొట్టమొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ప్రాత బండ్లన్నియు సులభములు కావు. అమెరికాలో 1908 మొదలు 1927 వరకు ఒకటిన్నర కోటి తయారైన ఫోర్డు టీ మాడలు కారును చూడుడు. దానికిని కాలిక్రింద మూడు పెడలులే యుండెను. కాని యెడమది గేరు మార్చుటకు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది నిలుపుటకు. వేగము హెచ్చించునది కాలు గాదు, స్టీరింగు చక్రము క్రిందనున్న కుడి మీట. ఎడమ మీట యింజనులో నిప్పురవ్వ పుట్టు సమయమును ముందు వెనుకలు చేయును. నేటి డ్రైవరు దాని నెక్కినచో నాలుగు బారలైనను సరిగా నడపలేడు.

ఇక ఆ బండిని బయలుదేరదీయుట వేఱొక విద్య. ముందుభాగమున ఇనుప హ్యాండిలును దూర్చి త్రిప్పవలెను. నిప్పురవ్వ మీటను సవరించుట మరచినచో, పిస్టను పైకి చేరకమునుపే పెట్రోలు ఆవిరి అంటుకొని, ఇంజను ఎదురు తిరిగి, హ్యాండిలును వెనుకకు విసరును. అందుచేతనే బొటనవ్రేలితో హ్యాండిలును చుట్టి పట్టక, దానిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచవలెనని నేర్పెడివారు. ఈ పాఠము వినని వారికి చేయి విరుగుట కలదు. 1912లో కాడిలాకు కారునకు చార్లెస్ కెటరింగు కల్పించిన విద్యుత్ స్టార్టరును అమర్చిన పిమ్మట ఈ బాధ క్రమముగా తొలగెను. హ్యాండిలు పోయినదని కంట తడి పెట్టినవారు లేరనియే నా తలంపు.

మన పెద్దలు తలచుకొను అంబాసిడరు ఇంత చిక్కుగలది కాదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి, కలకత్తా సమీపమున ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు దానిని 1950వ దశకపు తుదినుండి 2014 వరకు తయారుచేసిరి. అందు ఒక్కొక్క మీటకు ఒక్కొక్క పని. చోకును లాగినచో కార్బురేటరులోనికి గాలి తగ్గి, పెట్రోలు పాలు హెచ్చి, చల్లబడిన ఇంజను సులువుగా అందుకొనును. ఇంజను వేడెక్కినదని చెవికి తోచినంతనే డ్రైవరు చోకును లోనికి నెట్టును. కన్ను బాటమీద నుండగనే చేయి తన పని తాను చేసికొనెడిది.

మా ప్రాంతపు మే నెల యెండ ఆ బండికి నిజమైన పరీక్ష. పెట్రోలును టాంకినుండి పీల్చు పంపు ఇంజనును అంటియుండెను. పీల్చునప్పుడు గొట్టములో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గిన ద్రవము తక్కువ వేడికే మరగును. అందుచే పెట్రోలు గొట్టములోనే ఆవిరియై, పంపు ఆవిరిని త్రోయలేక, బండి నడిబాటలో నిలిచిపోయెడిది. డ్రైవరు బానెట్టు ఎత్తి, పంపుమీద తడిగుడ్డ చుట్టి, చెట్టునీడ దొరికిన కూర్చుండి, కొంతసేపటికి మరల బయలుదేరెడివాడు. త్రాగుటకే నీరు కఱవైన సీమలో బండికొఱకు నీళ్లడబ్బా మోయక తప్పలేదు. తడిగుడ్డ వేయు డ్రైవరు భౌతికశాస్త్రము చదివియుండక పోవచ్చును, కాని జబ్బు ఎచ్చటనో, మందు ఏదియో ఎఱిగియుండెను. పెద్దల నిట్టూర్పునకు మూలము ఈ ఎఱుకయే.

క్రొత్త బండ్లు మనకు దూరపువి కావు. పూర్వము మన జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన పెనుకొండయొద్ద, ఎఱ్ఱమంచిలో కియా కర్మాగారము కలదు. 2019 ఆగస్టులో అచ్చట మొదటి సెల్టోస్ కారు వెలువడెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయు శక్తితో దానిని నిర్మించిరి. నేటి పెట్రోలు కార్లలో పంపు టాంకిలోనే యుండి పెట్రోలును ఒత్తిడితో త్రోయును గనుక మరగుట అరుదు. బ్రేకును గట్టిగా త్రొక్కినను, చక్రము జాఱకుండ యంత్రమే దానిని క్షణక్షణము సడలించి బిగించును. గుద్దుకొన్నప్పుడు గాలిసంచి ఉబ్బి ఱొమ్మును కాపాడును. ఇవి లేని బండిలో బిడ్డలను ఎక్కించుటకు నే నొడంబడను.

అయినను ఒక విషయమున పెద్దలదే న్యాయము. అది అద్దపు తెర. గడచిన వేసవిలో ఒక మిత్రుని క్రొత్త కారులో రాయదుర్గమునుండి వచ్చుచుంటిని. చల్లగాలి తగ్గింపుమని అడిగితిని. ఆయన తెరను తాకెను. గోతిలో బండి కుదుపగా వ్రేలు తప్పి పాట మొదలాయెను. దానిని ఆపుటకు మరల తల వంచెను. ఇంతలో గొఱ్ఱెలమంద బాట దాటుచుండెను. వెనుక పదేండ్ల పిల్లవాడు. బ్రేకు యంత్రము తన పని చేసినది గనుక బండి మందకు బారెడు దూరమున నిలిచెను. పిల్లవాడు మమ్ము తిట్టిన తిట్లు న్యాయమైనవే.

విద్యార్థులు లెక్క వేయవచ్చును. గంటకు 80 కిలోమీటర్ల వేగమనగా సెకండునకు 22 మీటర్లు. రెండు సెకండ్లు తల వంచినచో 44 మీటర్లు గ్రుడ్డిగా పోయినట్లు. 2022లో స్వీడను దేశపు వీ బిలేగరే అను పత్రికవారు గంటకు 110 కిలోమీటర్ల వేగమున పలు కార్లను పరీక్షించిరి. మీటలుగల 2005 నాటి వోల్వో కారులో నాలుగు పనులు ముగియుటకు 10 సెకండ్లు, 306 మీటర్లు పట్టెను. క్రొత్తవానిలో కడపటిదానికి సుమారు 45 సెకండ్లు, 1,372 మీటర్లు పట్టెను. కారణము స్పష్టము. మీటకు ఆకారము కలదు, చేయి దానిని తడిమి తెలిసికొనును. అద్దము అంతటను ఒకే నునుపు, కన్ను లేనిదే పని జరుగదు. పలు మీటలకంటె ఒక తెర అమర్చుట తయారీదారులకు చవుక గనుక ఇది ప్రబలెను.

నౌకలకును ఈ బాధ తప్పలేదు. 2017 ఆగస్టులో సింగపూరు సమీపమున అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ మరియొక ఓడను ఢీకొని 10 మంది నావికులు మరణించిరి. విచారణలో తెరలతో నడుపు పద్ధతియు ఒక కారణముగా తేలెను. 2019లో ఆ నౌకాదళమువారు ఇట్టి నౌకలకు చేతిమీటలను మరల అమర్చ నిశ్చయించిరి. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రములిచ్చు సంస్థయు 2026 నుండి హారను, తుడుపుకఱ్ఱలు, మలుపుదీపములు మున్నగువానికి వేఱు మీటలున్న బండ్లకే పూర్తి మార్కులని నియమించెను.

నా మిత్రుడు క్రొత్త చట్టములకొఱకు వేచియుండలేదు. ఇప్పుడు రాయదుర్గము దాటకమునుపే వేపచెట్టు క్రింద బండి నిలిపి, చల్లగాలియు పాటయు కుదుర్చుకొని, గుమ్మఘట్ట చేరువరకు ఆ తెరను తాకుట మానినాడు.