ఫారములోని ఫారము – పిలువవలసిన తీరు

పెంటపాడులోని ఒక ఇంటికి ఉత్తరము చేరవలెనన్న గృహస్థుని పేరొక్కటి చాలదు. జిల్లా, మండలము, గ్రామము, ఇంటి సంఖ్య వరుసగా వ్రాయవలెను. కంప్యూటరులోని సమాచారమునకును ఇట్టి చిరునామా కలదు. అది తప్పినప్పుడు ప్రోగ్రాము ఆగిపోవుట ఒక కష్టము. ఆగకుండ తప్పు అంకెను చూపుట అంతకంటె పెద్ద కష్టము. మైక్రోసాఫ్ట్ సంస్థ 1992లో వెలువరించిన యాక్సెస్ అను డేటాబేసు సాధనమును ఆధారముగా గొని ఈ విషయమును పరిశీలింతము.

ఉదాహరణకు ఒక రైతు భూముల లెక్కను కల్పించుకొందము. రైతు పేరు, ఖాతా సంఖ్య ఒక పట్టికలో ఉండును. అతనికి పలు సర్వే నంబర్లలో భూమి ఉండవచ్చును గనుక ఆ వివరములు వేరొక పట్టికలో ఉండును. తెరపై రైతును చూపునది ప్రధాన ఫారము; దానిలోపల అతని భూములను వరుసలుగా చూపునది ఉపఫారము. ఈ రెండింటిని కలుపు లంకె ఖాతా సంఖ్య.

ప్రధాన ఫారమునకు ‘రైతు’ అనియు, ఉపఫారమునకు ‘భూమిపత్రము’ అనియు పేర్లు పెట్టితిమి. ఇపుడు ‘ఫారమ్స్!భూమిపత్రము’ అని వ్రాసినచో, అట్టి ఫారము కానరాలేదని 2450వ సంఖ్య గల దోషసూచన వచ్చును. ఎదుట కనబడుచున్న ఫారము యంత్రమునకు కానరాకపోవుటకు కారణమేమి? ‘ఫారమ్స్’ అను సముదాయములో స్వతంత్రముగా తెరచిన ఫారములు మాత్రమే ఉండును. ఉపఫారమో, ప్రధాన ఫారముపై అమర్చిన ఒక గడిలో ఉన్నది. ఆ గడిని కంట్రోలు అందురు. దానికి వేరొక పేరుండవచ్చును. ఆ పేరు ‘భూములు’ అనుకొనిన, సరియైన చిరునామా ఇట్లుండును (ఆంగ్ల పదములను ఇచట తెలుగు లిపిలో వ్రాసితిమి):

ఫారమ్స్!రైతు!భూములు.ఫారమ్!విస్తీర్ణము

మొదట ప్రధాన ఫారము, పిదప గడి పేరు, తరువాత ‘ఆ గడిలోని ఫారము’ అని తెలుపు ‘.ఫారమ్’, చివర కావలసిన అంశము. కొన్ని చోట్ల ‘.ఫారమ్’ లేకున్నను పని జరుగును గాని, వ్రాయుటయే మేలు. గడి పేరు తెలియనిచో, డిజైను దృశ్యములో ఉపఫారము అంచుపై ఒకసారి నొక్కి, లక్షణముల పట్టికలో పేరును చూచుకొనవలెను.

ప్రధాన ఫారములోని కోడులో దీనినే క్లుప్తముగా ‘మీ!భూములు.ఫారమ్!విస్తీర్ణము’ అని వ్రాయవచ్చును. ఈ ‘మీ’ తెలుగు మాట కాదు. కోడు ఏ ఫారములో ఉన్నదో ఆ ఫారమని దాని యర్థము. పెంటపాడులో ‘మన జిల్లా కేంద్రము’ అనిన 2022 ఏప్రిల్ 4వ తేదీకి ముందు ఏలూరు. నాటి నుండి భీమవరము. ఏలూరువాసి అదే మాట అనిన నేటికిని ఏలూరే. ‘మీ’ కూడ అట్టిదే. పలికిన చోటును బట్టి దాని యర్థము మారును. ఉపఫారములోని కోడు ప్రధాన ఫారమును చూడవలెనన్న ‘మీ.పేరెంట్!ఖాతాసంఖ్య’ అని వ్రాయవలెను. ఆ ఉపఫారమునే విడిగా తెరచినచో పేరెంట్ ఉండదు గనుక 2452వ దోషము వచ్చును.

ఇక దోషసూచన లేకుండ జరుగు పొరపాటు. మన రైతునకు 1 ఎకరము 20 సెంట్లు, 80 సెంట్లు, 50 సెంట్లుగా మూడు చోట్ల భూమి ఉన్నదనుకొందము. పైన వ్రాసిన చిరునామా మూడింటి మొత్తమును తెలుపదు. ఉపఫారములో ఏ వరుసపై మనమున్నామో ఆ వరుసను మాత్రమే తెలుపును. మూడవ వరుసపై ఉండి దానినే మొత్తముగా ఎంచినచో, 2 ఎకరముల 50 సెంట్ల రైతు 50 సెంట్ల రైతగును. యంత్రము మాత్రము తప్పని చెప్పదు. కావున ఉపఫారము అడుగుభాగమున విస్తీర్ణములను కూడు ‘మొత్తము’ అను గడిని ఏర్పరచి, ‘మీ!భూములు.ఫారమ్!మొత్తము’ అని అడుగవలెను. వ్రాయుచున్న వరుసను భద్రపరచిన పిమ్మటనే అది మొత్తములో చేరునని మరువరాదు.

కోడు నడచినంత మాత్రమున సరియని తలంపక, ఒక రైతు లెక్కను కాగితముపై కూడి తెరపై వచ్చిన అంకెతో సరిచూచుట విద్యార్థులకు అలవాటు కావలెను. ఆ అంకె వెనుక ఒక కుటుంబపు భూమి యున్నది.