ఆర్‌ఎన్‌ఏ పరిశోధనలో కొరత రుజువుకే

నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల నుంచి ప్రొటీన్ తయారుకాదు. అయినా జన్యువులు ఎప్పుడు, ఎంత పనిచేయాలో వాటిలో చాలా రకాలు అదుపు చేస్తాయి. వాటిలో ఒక రకమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కనుగొన్నందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. ఇందులో పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా అని ఎమ్మెస్సీ విద్యార్థులు అడగడం సహజం. ఉంటుంది, కానీ అందరికీ కాదు. జీర్ణాశయ క్యాన్సర్‌నే తీసుకోండి. కణితిలో పెరిగిన, తగ్గిన ఆర్‌ఎన్‌ఏల జాబితాలు ఇప్పటికే కుప్పలు పడ్డాయి. వాటిలో ఏది జబ్బును నడిపిస్తోందో, ఏది జబ్బు వెంట ఊరికే నడుస్తోందో తేల్చగలవాళ్లే తక్కువ.

ఈ కణితుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 ఎక్కువగా కనిపిస్తుంది. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పీటెన్ జన్యువును అది అణచివేస్తుంది. హాట్‌ఎయిర్ అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్న రోగుల్లో క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకడం ఎక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. అంతమాత్రాన నేరం రుజువైనట్టేనా? హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా తెచ్చే వాపులోనూ మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 పెరుగుతుంది. కాబట్టి అనుమానమున్న ఆర్‌ఎన్‌ఏను క్యాన్సర్ కణాల్లో అణచి, వాటి వ్యాప్తి తగ్గిందో లేదో చూడాలి. తిరిగి చేర్చినప్పుడు వ్యాప్తి మళ్లీ పెరగాలి. ఎలుకల్లో, ఆపైన వేరే ఆసుపత్రి రోగుల నమూనాల్లో కూడా అదే తేలాలి. సెల్ కల్చర్, క్రిస్పర్‌లతోపాటు గణాంకశాస్త్రం కూడా వచ్చినవాళ్లకే ఇది సాధ్యం.

టీసీజీఏ అనే క్యాన్సర్ జన్యు ప్రాజెక్టు నుంచి ఉచితంగా దొరికే డేటాతో కంప్యూటర్ ముందే పరిశోధన చేయొచ్చు కదా అంటారు. సాధనకు అంతకన్నా మంచిది లేదు. జీర్ణాశయ క్యాన్సర్‌ను నాలుగు ఉపరకాలుగా విడదీసిన 2014 నాటి విశ్లేషణ ఆ ప్రాజెక్టుదే. కానీ డేటా అందరికీ అందుబాటులో ఉంది కాబట్టే ఒకే మూసలో పత్రాలు పుట్టుకొస్తున్నాయి. ఈ రంగంలో వెనక్కి తీసుకున్న పత్రాలూ తక్కువేం కాదు. ఇంతా చేసి మందు వచ్చిందా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ఏను అనుకరించే ఎమ్ఆర్ఎక్స్34 క్యాన్సర్ ప్రయోగాలను తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల వల్ల 2016లో ఆపేశారు. అయితే 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ కూడా చిన్న ఆర్‌ఎన్‌ఏ మందే. కానీ అది క్యాన్సర్ మందు కాదు; పైగా కొవ్వు నానోకణాల్లో కాలేయానికి చేరుతుంది. జీర్ణాశయ కణితికి మందును అలా చేర్చడమే ఇంకా తేలని చిక్కు. ఫార్ములేషన్ తెలిసిన ఫార్మసీ విద్యార్థులకు కూడా అందుకే ఇక్కడ చోటుంది.

డిగ్రీ అవగానే ఇంటికి సంపాదన కావాలంటే ఇది దారి కాదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం ఉంటాయి. పీహెచ్‌డీకి మాత్రం అయిదేళ్లు పట్టొచ్చు. సీసీఎంబీ అయినా, యూనివర్సిటీ ల్యాబ్ అయినా, చేరేముందు గైడ్‌ను ఒకటి అడగండి: మీ గత పత్రంలోని ఫలితాన్ని వేరే రోగుల బృందంలో పరీక్షించారా?