కాలి కింద చుక్కాని

సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని మన సంఘం ఎడిటర్ గారు అడిగినప్పుడు, కాంతి గురించో అణువు గురించో రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసేసరికి రాస్తున్న నాకే నిద్ర వచ్చింది. అందుచేత వాటిని పక్కన పెట్టి, గత ఏడాదిగా నా మోకాళ్ళకు బాగా తెలిసివచ్చిన సంగతి ఒకటి రాస్తున్నాను. ఇంట్లో కంప్యూటరు మీద విమానం నడిపేవాళ్ళు కాళ్ళ కింద పెట్టుకునే రడ్డర్ పెడళ్ళను నొప్పి లేకుండా అమర్చుకోవడం ఎట్లా అన్నదే ఆ సంగతి. లెక్చరర్లు నవ్వకుండా చివరిదాకా చదవాలని మనవి. ఇందులో న్యూటన్ గారు కూడా వస్తారు.

తెర మీద విమానం నడపడాన్ని ఫ్లైట్ సిమ్యులేషన్ అంటారు. చూడటానికి ఆటలాగే ఉంటుంది గాని దీని పుట్టుక ఆటలో లేదు. అమెరికాలో బింగ్‌హామ్టన్ అనే ఊళ్ళో పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కుటుంబంలో పెరిగిన ఎడ్విన్ లింక్, 1929లో ఆర్గాన్ల తిత్తులనే వాడి, కూర్చుంటే విమానంలా ఊగే పెట్టె ఒకటి కట్టాడు. మన కమ్మరి కొలిమి దగ్గర ఉండే తిత్తి వంటిదే అది కూడా. 1934లో అమెరికాలో టపా విమానాలు నడుపుతూ సైనిక పైలట్లు చెడు వాతావరణంలో వరుసగా చనిపోయిన తరువాత, అక్కడి సైన్యం ఆ పెట్టెలు ఆరు కొన్నది. నేడు ఫ్లైట్‌గేర్ అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. పాత కంప్యూటరు ఒకటి ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

ఇక కాళ్ళ సంగతి. విమానానికి మూడు కదలికలు. ముక్కు పైకీ కిందికీ ఆడించడం ఒకటి, రెక్కలు పక్కకు వాల్చడం రెండు. ఈ రెండూ చేతి పని. మూడోది ముక్కును కుడికో ఎడమకో తిప్పడం. దానికోసం తోక మీద నిలువుగా ఒక పలక ఉంటుంది. అదే రడ్డర్, మన పడవల్లో చుక్కాని వంటిది. ఇది కాళ్ళ పని. ఎడమ పెడలు తొక్కితే ముక్కు ఎడమకు, కుడిది తొక్కితే కుడికి. రెండూ లోపల కలిసే ఉంటాయి గనుక ఒకటి ముందుకు పోతే రెండోది వెనక్కి వస్తుంది. ఇవిగాక, పెడలు పైభాగాన్ని వేళ్ళతో వంచితే ఆ పక్క చక్రానికి బ్రేకు పడుతుంది.

రెక్క వాలిస్తే విమానం తిరుగుతుంది గదా, మధ్యలో కాళ్ళెందుకు అని నేను కూడా అనుకున్నాను. కుడికి తిరగాలని వాలిస్తే ఎడమ రెక్క పైకి లేవాలి. దాని మీద లిఫ్టు పెరుగుతుంది, లిఫ్టుతోపాటు గాలి నిరోధం కూడా పెరుగుతుంది. దాంతో ఆ రెక్క వెనక్కి లాగబడి, మనం కుడి అంటే ముక్కు ఎడమ అంటుంది. రైట్ సోదరులు 1901 గ్లైడరుతో ఈ చిక్కులో పడి, 1902లో కదిలే చుక్కాని పెట్టుకుని బయటపడ్డారు. సెస్నా 172 వంటి చిన్న విమానంలో ఇంకొకటి ఉంది. టేకాఫ్‌కు ఇంజను పూర్తిగా ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి పెడలు మెల్లగా ఆనించి పట్టాలి. ఎంత అనేది కాగితం మీద లెక్క వేస్తే రాదు. కాలికే తెలియాలి. నొప్పెడుతున్న కాలికి మాత్రం తన నొప్పి తప్ప ఇంకేమీ తెలియదు.

నాకు అదే జరిగింది. సీనియర్ ఒకాయన దగ్గర పాత పెడళ్ళ సెట్టు తక్కువ ధరకు కొన్నాను. కొత్తవైతే వేల రూపాయలు, మన వల్ల కాదు. సంక్రాంతి సెలవుల్లో ఇంటికి తీసుకుపోయి, బల్ల కింద పడేసి, చక్రాల కుర్చీలో కూర్చున్నాను. పెడలు తొక్కితే కుర్చీ వెనక్కి పోయింది. కుర్చీని గోడకు ఆనిస్తే పెడళ్ళే నున్నటి బండల మీద ముందుకు జారాయి. మునివేళ్ళు బ్రేకు మీద పడుతున్నాయని పాదాలు పైకి లాగి పట్టుకోవడంతో మోకాలి కింద, ఎముక పక్కన కండ మండిపోయింది. ఒక సాయంత్రమంతా విమానం రన్‌వే మీద ఈడ్చుకుంటూ పోవడమే గాని లేవలేదు. ఇంజనులో లోపమనుకుని ప్రోగ్రాము తీసి మళ్ళీ వేశాను కూడా. చూస్తే కంప్యూటరు బ్రేకుల దిశ తలకిందులుగా తీసుకుంది. నేను వదిలితే అది నొక్కినట్లు లెక్క. చివరికి విసిగి, ప్రోగ్రాములోనే రడ్డరు తనంతట తాను తిరిగే ఏర్పాటు పెట్టి, పెడళ్ళు మంచం కిందికి నెట్టేశాను.

వాటిని బయటికి తీయించింది మా నాన్న.

ఇక్కడ ట్రాక్టరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. పల్లెటూరి మిత్రులకు తెలిసిందే. ట్రాక్టరుకు కుడి పక్కన రెండు బ్రేకు పెడళ్ళుంటాయి, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. దమ్ము చేసేటప్పుడు గట్టు దగ్గర తిరగాలంటే లోపలి వైపు బ్రేకు ఒక్కటే తొక్కుతారు, బండి అక్కడికక్కడే తిరుగుతుంది. విమానం పెడళ్ళ మీది బ్రేకులు అచ్చం ఇవే. సెస్నా 172 ముందు చక్రం పెడళ్ళతో పక్కకు సుమారు 10 డిగ్రీలే తిరుగుతుంది, ఒక పక్క బ్రేకు తోడైతే 30 దాకా పోతుంది. అయితే ట్రాక్టరు రోడ్డెక్కేముందు ఆ రెండు పెడళ్ళనూ కలిపి లాకు వేయాలి. వేయకుండా వేగంలో ఒక్కటి తొక్కితే బండి గిర్రున తిరిగి బోల్తా పడుతుంది.

2017లో మా నాన్న పొలం నుంచి రోడ్డెక్కుతూ లాకు మరిచాడు. గేదె అడ్డం వచ్చింది. కాలికి కుడి పెడలు ఒక్కటే దొరికింది. ట్రాక్టరు పంటకాలువలోకి ఒరిగింది. ఎడమ కాలి ఎముక విరిగి లోపల ప్లేటు వేశారు. ప్రాణం దక్కింది గాని, ఆ మడమ దగ్గర పాదం పైకి మడవటం నేటికీ పూర్తిగా రాదు. అప్పటినుంచి ట్రాక్టరు కూలి డ్రైవరుతోనే నడుస్తున్నది. కాలువ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మంచం కింద పెడళ్ళు చూసి "ఇవేంట్రా?" అన్నాడు. చెప్పాను. "మరి తొక్కవే?" అన్నాడు. కాళ్ళ నొప్పి అన్నాను. నన్ను కూర్చోబెట్టి, పక్కన గొంతుకూర్చుని కాసేపు నా కాళ్ళే చూశాడు. "కాళ్ళు గాల్లో పెట్టుకుని పని చేస్తావేంట్రా అబ్బాయ్? మడమ నేల మీద ఆననీ" అన్నాడు.

అంతే సంగతి. ఒక్కో కాలు బరువు మన శరీరం బరువులో సుమారు ఆరో వంతు. 60 కిలోల మనిషికి 10 కిలోలు. మడమ ఆనకపోతే ఆ బరువులో కొంత తొడ కండరాలే గంటల తరబడి మోయాలి. మడమ ఆనితే బరువు నేల మోస్తుంది, చీలమండ ఒక్కటే కదులుతుంది, సన్న పని దానితోనే అవుతుంది. కుర్చీ ఎత్తు చూసుకోవలసింది ఇందుకే. తొడ మొత్తం కుర్చీ మీద ఆనాలి, మడమ నేలకు దిగాలి. దూరానికి నాన్న చెప్పిన కొలత క్లచ్చు కొలతే. వీపు కుర్చీకి ఆనించి ఒక పెడలు చివరంటా తొక్కినా మోకాలు ఇంకా కాస్త వంగే ఉండాలి. మోకాలు కర్రలా బిగిస్తే దూరం ఎక్కువైనట్లు, బల్లకు తగిలితే తక్కువైనట్లు.

కుర్చీ జారడం న్యూటన్ మూడో సూత్రం. నేను పెడలును ఎంత బలంతో నెడితే అదీ నన్ను అంత బలంతో వెనక్కి నెడుతుంది. గోడ, రబ్బరు చాప వంటి ఉపాయాలు కొంతవరకే పనికొస్తాయి. నాన్న పాక లోంచి నైలాన్ తాడు తెచ్చి పెడళ్ళ చట్రాన్ని కుర్చీ కాళ్ళకు బిగించి కట్టాడు. మూడో సూత్రం ఆయనకు తెలియదు గాని, ఇప్పుడు రెండు బలాలూ ఒకే వ్యవస్థ లోపలివి, ఒకదాన్నొకటి తాడులోనే తీర్చుకుంటాయి. కుర్చీ కదలదు. చక్రాల కుర్చీ బదులు నాలుగు కాళ్ళ కర్ర కుర్చీ అయితే మరీ మంచిది. తాడు ఇష్టం లేనివారు ఒక పొడుగాటి ప్లైవుడ్ పలక మీద ముందు పెడళ్ళు బిగించి, వెనక కొస మీద కుర్చీ కాళ్ళు ఉంచుకోవచ్చు. కూర్చున్న మనిషి బరువే పలకను పట్టి ఉంచుతుంది.

ఇక వాలు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పెడలు ముఖం మరీ నిలువుగా ఉంటే పాదం సహజంగా ఆనినచోటనే వేళ్ళు బ్రేకును నొక్కుతాయి. చట్రానికి మడమ వైపు అంచు కింద చెక్క పెట్టి ఎత్తితే ముఖం అవతలికి వాలుతుంది. నా చట్రం 30 సెంటీమీటర్ల పొడవు. 2 సెంటీమీటర్ల చెక్కతో దాదాపు 4 డిగ్రీలు వాలింది, నా మంట పోయింది. కుర్చీని కొంచెం వెనక్కి జరిపినా పని అదే అవుతుంది, ఎందుకంటే కాలు చాచేకొద్దీ పాదం నిటారుగా వస్తుంది. పెడళ్ళు రెండూ మరీ దగ్గరగా ఉండి మోకాళ్ళు రాసుకుంటుంటే, వడ్రంగి చేత రెండు పలకలు కోయించి బయటికి వచ్చేలా వాటి మీద బిగించుకోవచ్చు. స్ప్రింగు గురించి ఒక్క మాట చాలు. కాలు ఊరికే ఆనిస్తే కదలకూడదు, నొక్కాలనుకుంటే చెమట పట్టకూడదు.

ప్రోగ్రాము లోపల మొదట చూడవలసింది బ్రేకుల దిశ. నా అవస్థ పైన చెప్పాను. తరువాత క్యాలిబ్రేషన్. నా పెడళ్ళలో ఉన్నది మన ల్యాబులో వాడే పొటెన్షియోమీటరు వంటిదే. పూర్తిగా 270 డిగ్రీలు తిరిగేదాన్ని పెడలు 40 డిగ్రీలే తిప్పుతుంది. 1024 మెట్లలో సుమారు 150 మెట్లే వాడుకలోకి వస్తాయి. క్యాలిబ్రేషన్ చేయకపోతే పూర్తిగా తొక్కినా రడ్డరు కొంచెమే కదులుతుంది. మధ్యలో కొద్దిపాటి డెడ్ జోన్, అంటే కాలు వణికినా పట్టించుకోని మేర, ఉంచుకోవాలి. ఎక్కువ ఉంచితే మళ్ళీ కాలికీ విమానానికీ సంబంధం తెగుతుంది. రడ్డరు తనంతట తాను తిరిగే ఏర్పాటు తీసేయాలని వేరే చెప్పనక్కరలేదు. అమర్చాక మలుపులు తిరుగుతూ మీటర్లలో ఆ చిన్న గోళీని చూడండి, వడ్రంగి రసమట్టంలో బుడగలా అటూ ఇటూ పోతుంటుంది. గోళీ ఏ పక్కకు పోతే ఆ పక్క పెడలు నొక్కితే మధ్యకు వస్తుంది.

నా అమరిక పూర్తయిన రాత్రి నాన్న తానూ కూర్చుంటానన్నాడు. టేకాఫ్ బాగానే చేశాడు. కుడి పెడలు పట్టడం నాకంటే త్వరగా తెలిసింది. దిగేటప్పుడు నేనే చెయ్యి సాయం పట్టాను. చక్రాలు ఆనగానే బ్రేకు తొక్కాడు. మంచి కాలు పూర్తిగా పడింది, ఎడమది పడలేదు. విమానం కుడికి గిర్రున తిరిగి గడ్డిలోకి పోయింది.

ఆయన తెర వైపే చూస్తూ, "ఒరేయ్, దీనికి లాకు లేదా?" అన్నాడు.

లేదన్నాను. దిగిన తరువాత ముక్కును ముందు రడ్డరుతోనే తిన్నగా పట్టాలి, వేగం బాగా తగ్గాకనే బ్రేకు, అదీ రెండు కాళ్ళతో సమంగా అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే వేరుగా వినిపించింది. ఆయన ఎడమ మడమ నిమురుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఆయన కాలికి తగ్గట్టు మార్చాను. పాదం పైకి మడవదు గనుక మడమ వైపు చెక్క 5 సెంటీమీటర్లకు పెంచాను, అంటే దాదాపు 10 డిగ్రీలు. తొక్కకుండానే వేళ్ళు తగులుతాయని ఎడమ బ్రేకుకు మొదట్లో ఐదో వంతు డెడ్ జోన్ పెట్టాను. ఆ తరువాత ఎడమ బ్రేకు కుడిదానికి సమంగా పడేదాకా గ్రాఫు వంపు మార్చాను. కుర్చీ ఆయనే జరుపుకున్నాడు. నాలుగు రాత్రులు పట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో కుర్చీ కింద బండ మీద సుద్దతో గీసిన గీతలు రెండున్నాయి. నా గీతకు నాలుగు అంగుళాలు వెనక నాన్న గీత. నేను హాస్టలుకు వచ్చేశాక నా గీత ఎవరో తుడిచేశారని అమ్మ ఫోనులో చెప్పింది.