ప్రభు బల్ల ఇంట్లో ఒక్కరమే తీసుకోవచ్చా?

ప్రశ్న: సంఘంలో ఒకరితో మాటామాటా వచ్చి మందిరానికి వెళ్లడం మానేశాను. టీవీలో ఆరాధన చూస్తూ ఇంట్లోనే రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటున్నాను. తప్పా?

జవాబు: మీ మనసు నొచ్చిందని అర్థమవుతోందమ్మా. అయినా ఇంట్లో ఒక్కరే తీసుకోవడం సరిపోదనే అంటాను. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మళ్లీ చదవండి. అక్కడ కలిగినవాళ్లు ముందే కడుపునిండా తిని, తాగి మత్తెక్కితే, లేనివాళ్లు పస్తులుండేవారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చేశాడు. అదే అధ్యాయంలో తనను తాను పరీక్షించుకోవాలన్న మాటను మనం రహస్య పాపాలకే పరిమితం చేసుకున్నాం గానీ, అక్కడ అసలు గొడవ పంక్తిలోది, పక్కవాడిని చిన్నచూపు చూడటంలోది.

మంచాన పడ్డవారి సంగతి వేరు. వారికి సంఘమే బల్ల తీసుకెళ్తుంది. రెండో శతాబ్దంలోనే, రాలేనివారికి పరిచారకులు రొట్టెను ఇంటికి చేరవేసేవారని జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. ఆయన వర్ణించిన ఆరాధన కూడికలో పోగైన కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు వెళ్లేది. బల్లంటే ఇదంతా కలిపే.

మీరు నడవగలరు కదా! వచ్చే సంస్కారపు ఆదివారంలోగా ఆ మనిషిని కలవండి. ఒక్కరే వెళ్లలేకపోతే పాస్టరమ్మగారినో, సంఘపెద్దనో తోడు తీసుకెళ్లండి. అవతలివారు మాట్లాడకపోయినా మీరు మందిరానికి రండి.