తోడులోని సూక్ష్మజీవి

గోరువెచ్చని పాలలో చెంచెడు మజ్జిగ కలిపి రాత్రి మూతవేసి యుంచినచో, తెల్లవాఱునప్పటికి పెరుగు గడ్డకట్టి యుండును. ఈ పనిని చేయునవి తోడులోని బాక్టీరియా. పాలు పులియునపుడు పుట్టు లాక్టికామ్లమునకు సజీవ కణములే కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857లో ప్రకటించెను. తరువాత ఆంగ్ల వైద్యుడు జోసెఫ్ లిస్టర్ పాలనుండి అట్టి జీవి నొకదానిని వేఱుచేసెను. నేడు దానిపేరు లాక్టోకాకస్ లాక్టిస్. ఇంటి తోడులోను ఇది తఱచుగా నుండును.

దీని బ్రతుకు తీరు విచిత్రము. మనము ప్రాణవాయువు సాయముతో ఆహారమునుండి శక్తిని పొందుదుము. ఇది యట్లు కాదు. పాలలోని చక్కెరను లాక్టికామ్లముగా మార్చి, అందువలన లభించు కొద్దిపాటి శక్తితోనే కాలము గడపును. ఆ యామ్లము వలననే పాలలోని మాంసకృత్తులు దగ్గఱపడి పెరుగగును. కాని ఆమ్లము మితిమీరినపుడు ఆ జీవికే పెరుగుదల నిలిచిపోవును. తాను రాజేసిన పొయ్యి పొగకు తానే ఉక్కిరిబిక్కిరి యగుట వంటిది!

మఱి గాలి తగిలిన మేలు కలుగునా? ఊరక తగిలినచో కీడే యెక్కువ. ఈ జీవి కొంత ప్రాణవాయువును నీరుగా మార్చివేయగలదు. కాని ఆ మార్గమున హైడ్రొజన్ పెరాక్సైడు అను విషపదార్థమును పుట్టవచ్చును. దానిని విఱుగగొట్టు కెటలేసు అను ఎంజైము మన కణములలో కలదు. దీనికి సాధారణముగా లేదు.

2001లో దీని జన్యువుల వరుసను చదివినవారికి ఒక వింత కనబడెను. శ్వాసక్రియకు వలసిన జన్యువులు పెక్కు దీనియందున్నవి! కొఱవడినది హీమ్ అను పదార్థము. మన రక్తమునకు ఎఱుపు నిచ్చునది అదియే. ఈ జీవి దానిని స్వయముగా తయారుచేసికొనలేదు. బయటినుండి హీమును అందించి గాలిని కూడ పంపినచో, ఇది నిజముగా శ్వాసించును. అప్పుడు ఆమ్లము తగ్గును. కణముల రాశి దాదాపు రెట్టింపగును. చల్లని చోట నిలువచేసినను అవి చాలకాలము జీవించియుండును.

చీజు, వెన్న తయారుచేయు కర్మాగారములు తోడును గడ్డకట్టించిన రూపమునగాని పొడిగాగాని కొనును. ఆ తోడును పెంచువారికి కావలసినది ఆమ్లము కాదు, బలమైన కణములు. కావున తొట్లలో హీము కలిపి, గాలిని పంపి పెంచు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. అట్లు పెరిగిన కణములు చీజు తొట్టిలోని పాలను చేరినపుడు, అక్కడ వానికి హీము దొరకదు. శ్వాస మాని, చక్కెరను ఆమ్లముగా మార్చు పాత పనికే మరల పూనుకొనును. చీజు చేయువారు కోరునదియు అదియే.